ఎర్ర రంగు సామాను

ఆ ట్రాక్టరు షెడ్డులోకి వచ్చిన రోజు దాని స్టీరింగుకు ఆకుపచ్చ గళ్ల తువ్వాలు ముడేసి ఉంది. మెకానిక్ జక్రయ్య దాన్ని ముట్టుకోలేదు.

“విప్పరా, చెమట తువ్వాలేగా,” అంది కరీమున్.

“ఆ చెమట ఎవరిదో తెలుసా అక్కా? డ్రైవర్ యలమందది. పర్చూరు అవతల మిరపచేలో ఈ బండి వెనక నేల దున్నే రోటవేటర్ కత్తుల్లో పడి పోయినోడిది. నేను విప్పను. తిట్టుకుంటే తిట్టుకో.”

కరీమున్ తిట్టలేదు. తనూ విప్పలేదు. తువ్వాలు అలాగే ఉండిపోయింది.

అద్దంకి దాటి మేదరమెట్ల రోడ్డెక్కితే ఎడం పక్క కనిపించే రేకుల షెడ్డు ఆమెదే. పాత ట్రాక్టర్లు కొని, విప్పి, పనికొచ్చే సామాను అమ్ముతుంది. ఆరేళ్ల కిందట భర్త సాదిక్ గుండెపోటుతో పోయాడు. ఆడమనిషి ఇనుము ఏం అమ్ముద్దిలే అని బజారంతా నవ్వింది. మొదటి నెలలోనే ఒక దూరపు బేరగాడు డబ్బు పంపినట్టు ఫోన్లో దొంగ రసీదు చూపించి గేరుబాక్సు పట్టుకుపోయాడు. ఆ రోజు ఏడ్చిందేమో ఎవరూ చూడలేదు. మర్నాటి నుంచి మాత్రం ఆమె పద్ధతి మారిపోయింది.

దూరం నుంచి ఎవరు అడిగినా వీడియో కాల్లోనే సరుకు చూపిస్తుంది. పక్కన ఆ రోజు పేపరు పెడుతుంది, పాత వీడియో అని ఎవరూ అనకుండా. సామాను మీద చెక్కిన నంబరును దగ్గరగా చూపిస్తుంది. తిరిగేదైతే తిప్పి చూపిస్తుంది. పెట్టెలో పెట్టి మేకులు కొట్టేదాకా కెమెరా ఆపదు. లారీ రసీదు ఫొటో పంపుతుంది. కొన్నవాళ్లు అక్కడ పెట్టె విప్పి చూసుకున్నాకే మిగతా సొమ్ము. అందుకే ఆదోని నుంచి కర్ణాటకలో తెలుగువాళ్లుండే సింధనూరు క్యాంపుల దాకా ఆమె పేరు పాకింది. కరీమున్ దగ్గర మోసం ఉండదనేవాళ్లు.

కానీ ఈ వ్యాపారంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎక్కడా రాసి ఉండదు, అందరూ పాటిస్తారు. మనిషి ప్రాణం తీసిన బండి సామాను చుట్టుపక్కల ఊళ్లలో అమ్మకూడదు. దానికి ఎర్ర రంగు పూసి విడిగా ఒక మూల పెట్టాలి. దూరం బేరం తగిలినప్పుడు పంపెయ్యాలి. దగ్గరివాళ్లకు ఆ ఎరుపు సంగతి తెలుసు, చూసి తప్పుకుంటారు. దూరపువాళ్లకు అది తుప్పు పట్టకుండా వేసిన రంగు, అంతే. సాదిక్ అలాగే చేసేవాడు, కరీమున్ అలాగే నేర్చుకుంది. ఎర్ర రంగు గురించి కొన్నవాళ్లు అడగలేదు. ఆమె చెప్పలేదు. అది మోసమని ఆమెకెప్పుడూ తోచలేదు.

యలమంద బండి వెనక భాగం కావాలని సింధనూరు దగ్గర క్యాంపు నుంచి పిచ్చయ్య ఫోన్ చేశాడు. ఆయన తాతలు ఎప్పుడో చీరాల వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డవాళ్లు.

“రంగు తర్వాత కొడుదువు గానీ అమ్మాయ్, బండి కొయ్యకముందే ఒకసారి తిప్పి చూపిచ్చు. నాకు పీటీవో ముఖ్యం.”

ట్రాక్టరు వెనక తిరుగుతూ రోటవేటర్‌ను తిప్పే ఇరుసే పీటీవో షాఫ్టు. మిట్ట మధ్యాహ్నం. రోడ్డవతల కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గొంతులో గీరుతోంది. కరీమున్ ఫోన్‌ను ఆయిలు డ్రమ్ము మీద ఆనించి, బండి వెనక నిలబడి కెమెరా వైపు తిరిగింది. జక్రయ్య షెడ్డులోని వేరే సెల్ఫు మోటారు బిగించి ఇంజను స్టార్టు చేసి, దూరంగా నీళ్ల కుండ దగ్గరికి వెళ్లిపోయాడు.

“చూడండి బాబాయ్. షాఫ్టును తిప్పే లివర్ న్యూట్రల్లో ఉంది. షాఫ్టు తిరగట్లేదు. ఇంజను కాస్త వేడెక్కనిచ్చి, అప్పుడు లివర్ వేస్తాను.”

వేడెక్కుతున్న కొద్దీ ఇంజను చప్పుడు మెత్తబడింది. ఆమె కాగితం మీద రాసుకున్న నంబరు చదువుతోంది.

“తిరుగుతుందిగా అమ్మాయ్,” అన్నాడు పిచ్చయ్య.

“ఇంకా వెయ్యలేదండీ.”

“నీ వెనకాల చూడవే!”

చీర అంచును ఎవరో మెల్లగా పట్టి లాగినట్టయింది. కరీమున్ తల తిప్పింది. షాఫ్టు తిరుగుతోంది, చప్పుడు లేకుండా. లివర్ ఉన్నచోటే ఉంది. దగ్గర్లో ఎవరూ లేరు. స్టీరింగు మీద తువ్వాలు ఇంజను అదురుకు చిన్నగా తల ఊపుతోంది.

అంచు లాక్కుని, పక్కనుంచి పరిగెత్తి ఇంజను ఆపేసింది. ఇంజను ఆగాక కూడా షాఫ్టు ఒక చుట్టు తిరిగింది, ఇంకో సగం తిరిగింది. ఏదో ఆలోచించుకున్నట్టు ఆగింది.

“బాగానే తిరుగుతుందిగా, ఇంకేం!” ఫోన్లో పిచ్చయ్య నవ్వుతున్నాడు. “పంపెయ్. మా మనవరాలు నా పానం తోడేస్తంది. అదుగో చూడు, భవ్య. సేద్యమంతా అదే.”

ఆయన ఫోన్ తిప్పాడు. పత్తిచేను. నడుస్తున్న ట్రాక్టరు వెనక ఇరవయ్యేళ్ల పిల్ల వంగి, రోటవేటర్ కత్తుల్లో చుట్టుకున్న పత్తికట్టెను చేత్తో లాగుతోంది.

“ఇంజను ఆపదా ఆ అమ్మాయి?”

“ఆపితే మళ్లా సెల్ఫు అందుకోదులే. తోసేవాళ్లెవరు?”

తర్వాత చేస్తానని కరీమున్ ఫోన్ పెట్టేసింది. షెడ్డు గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

“నేను గురవమ్మనండీ. యలమంద ఇంటిదాన్ని. తువ్వాలు తీసుకెళ్దామని వచ్చా.” ఆమె చూపు మాత్రం తువ్వాలు మీద లేదు, షాఫ్టు మీద ఉంది. “రోడ్డు మీద ఉండగానే తెలిసింది. ఆ అదురు నాకు ఎరికే.”

“ఏమైందమ్మా ఆ రోజు?”

“ఆ రోజు నేను అదే చేలో ఉన్నా. లివరు కిందికే ఉంది, ఎవరూ వెయ్యలేదు. నా కళ్లతో చూశా. గడ్డి లాగుతుంటే దానంతటదే తిరిగింది. ఇంజను ఆపొచ్చుగా అంటారు. సెల్ఫు లేదండీ ఆ బండికి. ఆపితే నలుగురు తొయ్యాలి, పని పోయిందని ఆసామి బూతులు తిడతాడు. నేను చెప్తే ఎవరు విన్నారు? తాగి లివరు వేసుకున్నాడన్నారు. బీడీ కూడా తాగడు మా ఆయన. దినం అయ్యాక ఆసామే ఊరంతా చెప్పాడు, బండికి గాలి సోకింది, అమ్మేస్తన్నానని.”

“చెప్పాగా అక్కా,” అన్నాడు జక్రయ్య మెల్లగా. “యలమందే తిప్పుతున్నాడు.”

కరీమున్ వంగి లివర్ వంక చూసింది. దయ్యం మీద కేసు ఉండదు. దయ్యం కూలోడి పెళ్లానికి పరిహారం కట్టదు. బండికి గాలి సోకిందంటే ఆసామికి ఎంత సుఖం! ఆ గాలికి ఎర్ర రంగు పూసి ఊరు దాటించే పని తనది.

“పానాలు తీసుకురా, మూత విప్పుదాం,” అంది.

“అక్కా, వద్దు.”

“నువ్వు రాకపోతే నేనే విప్పుతా. అట్టా నిలబడి నన్ను భయపెట్టమాక.”

జక్రయ్య ప్రభువా అనుకుంటూ వచ్చాడు. గేరుబాక్సు మూత లేచేసరికి అరగంట పట్టింది. లోపల గేరును ఉన్నచోట పట్టి ఉంచడానికి ఒక ఉక్కు గోళీ ఉంటుంది. దాన్ని నొక్కి పెట్టడానికి ఒక స్ప్రింగు ఉండాలి. ఆ స్ప్రింగు బొక్కలో జక్రయ్య వేలు పెట్టి ఏదో లాగాడు. నల్లటి ముక్క, నూనెకు ఉబ్బి, జున్నులా మెత్తబడింది. లివర్ పిన్ను బొక్క కూడా అరిగి, వేలు దూరేంత అయింది. ఇంజను వేడెక్కితే గేరు అదురుకు జారి షాఫ్టును పట్టుకుంటుంది. లివర్‌కు ఆ సంగతే తెలియదు.

“స్ప్రింగు బదులు ట్యూబు ముక్క,” అన్నాడు జక్రయ్య. ఆ ముక్కను రెండు వైపులా తిప్పి చూశాడు. “దయ్యం సైకిలు ట్యూబు కోసుకొచ్చి పెట్టిందా అక్కా?”

గురవమ్మ ముందుకొచ్చి వంగి చూసింది. “ఇదేనా?” అంది. “ఇంతేనా?”

కరీమున్ ఆ రోజు పేపరు తెచ్చి పక్కన పరిచింది. బండి నంబరు దగ్గరనుంచి మొదలుపెట్టి, విప్పిన మూత, అరిగిన బొక్క, రబ్బరు ముక్క అన్నీ వరసగా వీడియో తీసింది. అమ్మకానికి ఎలా తీస్తుందో అలాగే తీసింది. ముక్కను గుడ్డలో చుట్టి గురవమ్మ చేతిలో పెట్టింది. “స్టేషన్‌కి నేనూ వస్తా. నా షెడ్డులో నా చేత్తో తీశానని చెప్తా.” అప్పుడు స్టీరింగు దగ్గరికి వెళ్లి తువ్వాలు ముడి విప్పింది. ముడి గట్టిగా ఉంది. గోళ్లు నొప్పి పుట్టాయి.

తర్వాత పిచ్చయ్యకు ఫోన్ చేసింది.

“బాబాయ్, ఈ బండి సామాను మీకు అమ్మను. మనిషిని చంపింది ఇది. ముందు మీ మనవరాల్ని ఆ బండి వెనక నుంచి పక్కకు రమ్మనండి. నేను లైన్లో ఉంటా.”

“అమ్ముకునేదానివి ఇట్టా చెప్తే నీ దగ్గర ఎవడు కొంటాడే?” అని కసిరాడు పిచ్చయ్య. కసురుతూనే, “ఏయ్ భవ్యా, ఇంజను ఆపు! ఆపవే ముందు, తర్వాత నేను తోస్తాగా!” అని కేకేశాడు. అక్కడ చప్పుడు ఆగింది.

ఇక్కడ కరీమున్ చూపు షెడ్డు మూలకు వెళ్లింది. ఎర్ర సామాను పెట్టే చోటు. ఇప్పుడక్కడ ఏమీ లేదు, నేల మీద రంగు మరకలు తప్ప. ఆరేళ్లలో పదకొండు పెట్టెలు పోయాయి ఆ మూల నుంచి. పదకొండింటినీ పేపరు పెట్టి, నంబరు చూపించి, నమ్మకంగా పంపింది. ఆ బండ్లు మనుషుల్ని ఎందుకు చంపాయో ఒక్కటైనా విప్పి చూడలేదు. అవి ఇప్పుడు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో.

రేకు డబ్బాలోంచి లారీ రసీదులు నేల మీద గుమ్మరించింది. ఊళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు. చేతికందిన మొదటి రసీదు మీద నంబరు కొట్టింది.

చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. మనిషి గొంతు కంటే ముందు, వెనకనుంచి ట్రాక్టరు మోత వినిపించింది.

“ఎవురు?”

“అద్దంకి నుంచి కరీమున్నండీ. ఇంజను ఆపండి.”

“ఆఁ? వినపడ్లేదు!”

“ఇంజను ఆపండి! ముందు ఇంజను ఆపండి!”

“ఉండండమ్మా, మావోడు వెనక గడ్డి తీస్తన్నాడు, అయ్యాక చేస్తా…”

“పెట్టెయ్యొద్దు!” అని అరిచింది కరీమున్. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఆమె ఫోన్‌ను చెవికి అదిమిపెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆ మోత ఆగడం కోసం వింటోంది.