సగం పసుపు అద్దం

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి, తన కొత్త కెమెరాకి రెండు రకాల ఫిల్టర్లు చూపించింది. పైసగం ముదురుగా ఉండి, కిందికి వచ్చేసరికి తేటపడే అద్దాలవి. ఆకాశం తెల్లగా పాలిపోకుండా ఆపుతాయట. ఒకటి లెన్సుకి మర తిప్పి బిగించే గుండ్రటిది, చవక. రెండోది చట్రంలో పైకీ కిందికీ జరుపుకునే పలక, కాస్త ప్రియం. నేర్చుకునేవాళ్లకి గుండ్రటిది చాలదా తాతయ్యా అని అడిగింది. ఆ గుండ్రటిదాన్ని నేనెరుగుదును.

మా అక్క మొగుడు, గురజాలలో కొలువు చేసే మా బావ, అరవైలలో ఒక పాత కెమెరా సంపాదించాడు. నలుపు తెలుపు ఫిల్ము. తీసిన ప్రతి బొమ్మలో ఆకాశం సున్నం కొట్టిన గోడలా వచ్చేది. అందుకని గుంటూరు వెళ్లి, సగం పసుపు వేసిన అద్దం బేరమాడి తెచ్చుకున్నాడు. జరిపే రకం కూడా చూపించాడట కొట్టాయన. మొదట్లోనే అంత దేనికని బావ గుండ్రటిదే తీసుకున్నాడు. పసుపూ ఉత్త గాజూ కలిసే గీత సరిగ్గా నేలా ఆకాశం కలిసే చోట పడాలని కొట్టాయన చెప్పిన మాట మాత్రం కంఠతా పట్టాడు. అన్నం తింటున్నా గీత మాటే. అక్క విసుక్కుని, "ఆ గాజుబిళ్లనే చేసుకోకపోయావా" అనేది.

అప్పటికి కృష్ణ ఒడ్డున మా ఊరు సాగర్ డ్యాం నీళ్లలో మునగబోతోంది. తలుపులు, దూలాలు పీకి బండ్లమీద మాచర్ల చేర్చుకున్నాం. సమాధుల దొడ్డిలో అమ్మ మీది నాపరాయి మాత్రం ఉండిపోయింది. దానిమీద అమ్మ పేరు నాన్నే ఉలితో చెక్కాడు. ఆ రాయన్నా తెచ్చుకుందామంటే, పడుకున్న మనిషి మీద దుప్పటి లాగుతారా అన్నాడు. ఆయన కోరిందల్లా ఒక్క ఫొటో.

నాన్న, బావ, నేను ముగ్గురం వెళ్లాం. వెనక నాగజెముడు కంచె, ఇంకో అడుగు వెనక్కి వేసే చోటు లేదు. రాయి బావ కాళ్ల ముందే ఉంది. గీతేమో అద్దం నడుమ, కదలదు. పొలాల అవతలి అంచు దానికి కలవాలంటే కెమెరా పైకెత్తాలి. ఎత్తాడు. రాయి పడుతుందా అని నాన్న అడిగితే, "ఎందుకు పడదు మామా, మబ్బు చానా బాగా కుదిరింది" అన్నాడు కన్ను తియ్యకుండా. రీలులో మిగిలినవన్నీ అలాగే కొట్టాడు. ఆ బిళ్ల ఊడదీసి, కెమెరా కిందికి వంచితే సరిపోయేది. కాని కొన్న వస్తువు వాడకుండా ఉండలేం గదా.

నరసరావుపేటలో రీలు కడిగించి తెచ్చేసరికి ఊరిమీద నీళ్లు నిలిచాయి. బొమ్మలో దూదిబోరాల్లాంటి మబ్బులు, వాటికింద ఉత్త పొలాలు. రాయి అంచు కూడా లేదు. నాన్న దాన్ని వెలుగులో పట్టుకుని చూశాడు, వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"మబ్బులదేముంది అల్లుడూ, రేపైనా వస్తయ్. మీ అత్త ఏది?"

ఇంకో రీలు ఎక్కిద్దామని బావ కెమెరా అందుకుని, ఎక్కడికి పోయి తియ్యాలో గుర్తొచ్చి కింద పెట్టేశాడు. అయినా ఆ బొమ్మని పటం కట్టించి మా ముందుగదిలో పెట్టాడు. వచ్చినవాళ్లంతా మబ్బుల్ని మెచ్చుకునేవాళ్లు. నాన్న బతికున్నన్నాళ్లూ ఆ గదిలో కూర్చోలేదు.

మనవరాలికి జరిపేదే కొనమన్నాను. అవసరమైతే తీసి జేబులో వేసుకోమని కూడా చెప్పాను. కాలం రోజూ తెచ్చి ఇచ్చేదాన్ని మేం పటం కట్టి దాచుకున్నాం. ఒక్కసారే తీసుకుపోయేదాన్ని పటం బయట వదిలేశాం.