గోడ అవతల తాయీ, గోడ ఇవతల తాయి చీ

1987 జూలై 6, సోమవారం, తెల్లవారి అయిదుంబావుకు నేను తాయి చీ అనే చైనా కసరత్తు మొదలుపెట్టాను. ఆ రోజుల్లో రాయ్‌పూర్‌లో ఆ పేరు విన్నవాళ్లు ఎందరుండేవారో తెలియదు కానీ, గుఢియారీలో రైలు పట్టాల పక్కనున్న మా రెండు గదుల వాటాలో మాత్రం ఇద్దరం: నేను, మా ఆయన. నాకు ఇరవై ఆరేళ్లు. ఆసుపత్రిలో రోగులను ఎత్తి దించి నడుము పట్టేసింది. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. సింగపూర్‌లో పనిచేసి వచ్చిన తోటి నర్సు ఎనిమిది బొమ్మలున్న చిన్న ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టి, "మాత్రలు మానేసి ఇది చెయ్యి" అంది.

బొమ్మలో ముసలాయన కొంగలా నిలబడితే నేను బిందె జారిపోతున్న మనిషిలా నిలబడేదాన్ని. చదువుతూ చేయడం కుదరక, చదివే పని మా ఆయనకు అప్పగించాను. ఆయనది స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం (ఇంట్లోనూ అదే గొంతు). ప్రతి పేజీ మీదా ఉన్న పేరుతో సహా చదివేవారు. "తాయి చీ! మొదటి బొమ్మ, కుడికాలు ముందుకు! తాయి చీ! రెండో బొమ్మ!"

గోడ అవతల తాయీ ఉండేది. హిందీలో తాయీ అంటే పెద్దమ్మ. వీధంతా ఆమెను అలాగే పిలిచేది. నేను డ్యూటీకి వెళితే రెండేళ్ల మా పాపను చూసుకునేది ఆమే. ఛీ అనే మాటకు రెండు భాషల్లోనూ ఒకటే అర్థమని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పదో రోజు పాపను దింపడానికి వెళితే తాయీ తలుపు సగమే తెరిచింది. "తేరా ఆద్మీ రోజ్ సుబహ్ మేరా నామ్ లేకే ఛీ ఛీ కర్తా హై, ఔర్ బచ్చీ మేరే పాస్?" అంది (నీ మొగుడు రోజూ పొద్దున్నే నా పేరెత్తి ఛీ కొడతాడు, పిల్ల మాత్రం నా దగ్గరా అని). నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే, "వో తో కసరత్ హై తాయీ, చీన్ కీ" అని, నమ్మించడానికి నాలుగో బొమ్మ చేసి చూపించాను. నాలుగో బొమ్మలో రెండు అరచేతులతో ఎదుటి మనిషిని నెట్టినట్టు చేయాలి. తలుపు మూసుకుంది.

"వెళ్లి తప్పయిపోయిందను" అన్నారు మా ఆయన.

"అరిచింది మీరు, అనేది నేనా? నేనేం తప్పు చేశానని?"

"సరే, నేనే వెళ్తాను."

"మీరెళితే మళ్లీ మైకు పెట్టినట్టే ఉంటుంది. కూర్చోండి."

ఆమే తెలుసుకుని వస్తుందని నేను కూర్చున్నాను. (ఆదివారం చర్చిలో క్షమించడం గురించి గొంతెత్తి పాడి, వచ్చేటప్పుడు ఆమె గుమ్మం ముందు తల తిప్పుకుని నడిచేదాన్ని.) పాపను చూసుకోవడానికి పెట్టిన సెలవులు మూడు రోజుల్లో అయిపోయాయి. జూలై 20న మా అమ్మ తణుకు నుంచి వచ్చి పాపను తీసుకెళ్లింది. రైలు కదులుతుంటే పాప "తాయీ" అని ఏడ్చింది. "అమ్మా" అనలేదు.

దసరాకు ముందు తాయీ వాళ్లు భిలాయికి మారిపోయారు. సామాను బండెక్కిస్తుంటే కిటికీ వెనక నిలబడి లెక్కపెట్టాను: పదకొండు మూటలు, ఒక మంచం. మధ్యలో ఆమె రెండుసార్లు మా గుమ్మం వైపు చూసింది. నేను బయటికి రాలేదు.

మరుసటి ఏడు నవంబరులో పాప తిరిగొచ్చింది. మా అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని, నన్ను కిందినుంచి పైకి చూసి, "అమ్మమ్మా, ఈవిడెవరు?" అంది.

నడుము నొప్పి దానంతటదే ఎప్పుడో తగ్గింది. ఆ రోజు తప్పు నాది కాదని ఇప్పటికీ తేదీలతో సహా రుజువు చేయగలను. ఎవరికి చేస్తానా అనుకుంటే నాకే నవ్వొస్తుంది. పోయినవి ఇవి: పాపతో పదహారు నెలలు, అది మొదటిసారి పూర్తిగా పలికిన వాక్యం, తాయీ.