గోళ్ళ మామగారి నేరాంగీకారం

మామగారికి మనుషుల మొహాలు గుర్తుండవు, గోళ్ళు గుర్తుంటాయి. ఆసుపత్రి ల్యాబులో ముప్పయ్యేళ్ళు మలపరీక్షలు చేసి రిటైరైన మనిషి. ఎవరైనా నమస్కారం పెడితే ఆ చేతులు పట్టుకుని వేళ్ళు విడదీసి చూస్తాడు. ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ పది గోళ్ళూ కత్తిరించుకుంటే గాని గుమ్మం దిగే వీల్లేదు. చుట్టాలైతే రావడమే మానుకున్నారు.

కోడలికి ఇదంతా నవ్వులాటగానే ఉండేది. ఇప్పుడు నవ్వే ఓపిక లేదు. పధ్నాలుగు నెలల పాప నెల్లాళ్ళుగా సరిగా తినదు, పడుకోదు, కింద రుద్దుకుంటూ ఒకటే ఏడుపు. చూస్తుండగానే చిక్కిపోయింది.

ఆ ఉదయం మామగారు పాపకి కడగకముందే సెల్లోటేపు ముక్క అద్ది, గాజుపలక మీద అంటించి, పాత ల్యాబుకి పట్టుకెళ్ళాడు.

"నులిపురుగులే! గుడ్లు బారులు తీరి ఉన్నాయి!" అంటూ పెళ్ళికబురు తెచ్చినట్టు వచ్చాడు. కోడలి మొహం చూసి నోరు మూసుకున్నాడు.

"పాలసీసాలు మరిగిస్తూనే ఉన్నాంగా, ఎలా వచ్చాయండీ?" అంది అత్తగారు.

"గుడ్లు కంటికి కనపడవే. దురదపెడితే గోకుతాం, గోళ్ళలో ఇరుక్కుంటాయి. అక్కణ్ణించి దుప్పటికీ బొమ్మలకీ. పాప చేతికందిందల్లా నోట్లోకే కదా!"

"అయితే ఎవరి గోళ్ళు?"

కోడలు బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. గుడ్డ మీద మడతలు గీయడానికి ఆ ఒక్క గోరూ పెంచుకుంది. ఆ చేత్తోనే పాపకి ముద్దలు పెట్టింది. నేను తల్లినా, శత్రువునా? ఈ పాపం ఏ నీళ్ళతో కడుక్కోను, అనుకుంటే ఆమెకి గుండె చెరువైంది.

"నావే," అన్నాడు మామగారు.

"మీకు గోళ్ళెక్కడున్నాయి, చర్మం దాకా కత్తిరించేస్తారుగా!"

"ముప్పయ్యేళ్ళు ఆ పురుగులతో కాపురం చేశాను. నన్ను వదిలుండలేక వెతుక్కుంటూ వచ్చాయి. దొంగే ఒప్పుకుంటుంటే నీకింకేం కావాలి? డాక్టరు దగ్గరికి పదండి. ఇంటిల్లిపాదీ ఒకేరోజు మందు వేసుకోవాలి, రెండు వారాలకు మళ్ళీ."

అత్తగారు దారిపొడవునా ఆయన్ని దులిపేసింది. ఆయన తలొంచుకుని నడిచాడు. కోడలి వంక ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక కోడలు చెయ్యి చాపింది. "కత్తిరించెయ్యండి మామయ్యగారూ. నా వల్లే..."

"ఎవరివల్లో ఎవరు తేల్చగలరమ్మా? తలుపు గడియకైనా అంటుకునుండొచ్చు." గోరు కత్తిరించి, జేబులోంచి నున్నగా అరగదీసిన వెదురుముక్క తీసి ఇచ్చాడు. "నువ్వు కాపురానికొచ్చిన వారంలోనే చెక్కాను. పనిచేసే చేతిని గోరు తీసెయ్యమనడానికి నాకు నోరు రాలేదు. దీంతో గీసి చూడు."

ఆమె గుడ్డ మీద గీసింది. మడత తిన్నగా పడింది. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"సరే, మిగతా తొమ్మిదీ చూపించు."