తొమ్మిది డబ్బాలు

నిన్న మా ఇంటి పైభాగం అద్దెకిస్తూ, ఎంతమంది ఉండవచ్చో రాయాల్సిన చోటికి వచ్చేసరికి నా కలం ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏమనుకున్నారో గానీ, నేను మాత్రం సౌదీలోని హుఫూఫ్‌లో, ఒకప్పటి మా మూడు గదుల పాత ఫ్లాటులో ఉన్నాను.

ఆ ఫ్లాటు నా పేరు మీద ఉండేది. ఆరుగురికే అనుమతి, ఉన్నది తొమ్మిదిమందిమి. ఎక్కువమంది కనబడితే యజమానికి జరిమానా, ఇల్లు అద్దెకిచ్చే లైసెన్సుకే ఎసరు. అయినా నితాకత్ చట్టం వచ్చి, సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోని కంపెనీలను ఎరుపు జాబితాలో పడేశాక, పని పోయిన మనవాళ్లను ఎక్కడికి పొమ్మంటాం? ఆ రోజులు చూసిన నా ఈడువాళ్లకు వివరించనక్కర్లేదు. మా అక్క భర్త అలా వచ్చినవాడే. అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, రెన్యూ కాక, కాగితం మీద పేరు రాయించడానికి వీల్లేని మనిషి. మరో కంపెనీ దొరికేదాకా తలదాచుకోవడానికి ఆయనకు నేను తప్ప దిక్కులేదు.

తనిఖీ ఉందని యజమాని ముందురోజే కబురంపాడు, పాపం మంచి ముసలాయన. మూడు పరుపులు మేడమీదికి ఎక్కించాం, గుమ్మం ముందరి చెప్పులు లోపల దాచాం, బావతో పాటు మరో ఇద్దరిని పొద్దున్నే ఖర్జూర తోటలవైపు పంపాం. మా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. అయితే ఆ రోజు వంట వంతు నాది. మాలో ఒక కట్టుబాటు ఉండేది, వంతు ఎవరిదైనా పొయ్యి మీంచి దించగానే ముందు అందరి టిఫిన్ డబ్బాలు నింపాలి, ఆ తర్వాతే తన నోట్లో ముద్ద. పాడు అలవాటు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తనిఖీకి వచ్చినాయన గదుల్లోకైనా తొంగిచూడలేదు. తలుపు పక్కన వరసగా పెట్టిన డబ్బాలను వేలితో లెక్కపెట్టి, తొమ్మిది అని రాసుకున్నాడు.

యజమాని బతిమాలితే జరిమానా తప్పింది గానీ, వారంలో ముగ్గురు ఖాళీ చేయక తప్పలేదు. ఎవరన్నది నేను చెప్పాలి. చెప్పలేకపోయాను. బావను ఉండమనీ అనలేదు. అదే ఇప్పటికీ నన్ను తినేస్తుంది. తల దించుకుని కూర్చున్న నాతో ఆయనే అన్నాడు, "ఇల్లు నీ పేరు మీదున్నది, నువ్వు పరేశాన్ గాకు. నేనే పోత." తన డబ్బా కడిగి, అలమరలో బోర్లించి వెళ్లిపోయాడు. కొన్నాళ్లు తోటలో షెడ్డు కింద పడుకుని, చివరికి ఎగ్జిట్ వీసా మీద ఊరు చేరాడు. కన్నుమూసేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పొద్దున ఆయన డబ్బా నింపకుండా ఉండాల్సింది. ఆయన్ను మరిచి వడ్డించడం నాకు చేతనైతే కదా.

పత్రంలో నలుగురు అని రాశాను. నియమం తప్పనను, తొమ్మిదిమందికి ఒకే స్నానాలగది ఎంత నరకమో నాకు తెలుసు. అద్దెకొచ్చే వీళ్లు భోజనం ఫోన్లో తెప్పించుకుంటారట, ఎవరి పొట్లం వాళ్లకు. లెక్క సరిగ్గా ఉంటుంది. ఒకడు తినకుండా పడుకుంటే మాత్రం పక్కవాడికి తెలియదు.