యముణ్ణి లైన్లో కూర్చోబెట్టిన సుబేదార్

శామీర్‌పేట ప్రజలకు ముఖ్య గమనిక. మా సెలూన్లో పొద్దున ఆరున్నరకు మొదటి కుర్చీ ఇకనుంచి ఖాళీ. ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరూ కసరరు. పద్నాలుగేళ్లు ఆ కుర్చీని ఏలిన మా సుబేదార్ సాబ్ మొన్న సోమవారం కన్నుమూశారు.

నేను ఆరో తరగతిలోనే బడికి సలాం కొట్టినవాణ్ణి. సార్ల దగ్గర నేర్వని క్రమశిక్షణ ఆయన గడ్డం గీస్తూ నేర్చుకున్నాను. వాన పడనీ, బోనాలు రానీ, షేవింగ్ మాత్రం తప్పదు. ఒకరోజు గెలికాను.

"పింఛన్ తీసుకునేటోళ్లకు రోజూ షేవింగెందుకు సాబ్? పెండ్లిచూపులున్నయా?"

"సావు ఎప్పుడొస్తదో ఎర్కలేదుర. వచ్చినప్పుడు మాసిన గడ్డంతోటి దొరకొద్దు. ఫౌజుల గదే రూలు."

ఆయన యుద్ధం కథలు కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ నేనే చెప్పేవాణ్ణి. మంచు కరిగించి గడ్డం గీసుకున్నారని, దెబ్బతిన్న తోటి సిపాయిని భుజాన వేసుకుని కొండ దిగారని.

పోయిన నెల ఊపిరితిత్తులు పాడయ్యాయని తేలింది. ఆ మర్నాడు కూడా ఆరున్నరకే వచ్చారు.

"డాక్టర్ పదిహేను రోజులన్నడుర. గా కొండమీద మాకు పదిహేను నిమిషాలు గూడ ఎవ్వడియ్యలె."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి వెటకారమే దొరికింది.

"సాబ్, యముడు బయట నిలవడ్డడు. పిలవాల్నా?"

"లైన్ల కూసోమను. నాది ఇంకా కాలే."

ఇరవై రెండు రోజులు కూర్చోబెట్టారు. కుర్చీదాకా రాలేకపోయినప్పటినుంచి నేనే వాళ్లింటికి వెళ్లాను.

సోమవారం పొద్దున ఆయన బిడ్డ నన్ను గడపలోనే ఆపింది.

"ఇయ్యాల వద్దన్నా. బాపుకు ఊపిరాడ్తలేదు. జర పండుకోనియ్యి."

"ఎందుకు రాలె అని సాబ్ అడిగితే ఏం జెప్పాలె చెల్లె?"

లోపల మంచాన్ని రెండుసార్లు తట్టిన చప్పుడైంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది.

షేవింగ్ అయ్యాక సాబ్ లేచి కూర్చున్నారు. అద్దంలో చూసుకుని, నాకో సెల్యూట్ కొట్టి, "ఇగ పిలువు వాణ్ణి" అన్నారు.

ఈ సెల్యూట్ అబద్ధం. ఆయన లేవలేదు, మాట్లాడలేదు. కరిగించిన మంచు, భుజాన మోసిన సిపాయి కూడా నేను పుట్టించినవే. యుద్ధం ఎట్లుండె సాబ్ అని ఎన్నిసార్లడిగినా "సలి" అన్నారు, అంతే. అడక్కుండా అన్నది ఆ పదిహేను నిమిషాల మాటొక్కటే. మిగిలినదంతా నిజం. ప్రాణం పోయింది మధ్యాహ్నం, నేనక్కడ లేను.

పొద్దున నిజంగా జరిగింది ఇది. నా బ్లేడు గొంతు దగ్గర ఆగిపోయింది. ఎగశ్వాస తీస్తున్న ఆ మనిషి, కళ్లు తెరవకుండానే, తనంతట తానే గడ్డం పైకెత్తి మెడ నాకిచ్చారు.