కిటికీ ఎత్తు మంచం

వడ్రంగం నేర్చుకోవాలని నాకెప్పుడూ లేదు. కోపం వచ్చి నేర్చుకున్నాను. ఆ కోపం సగం మా ఆయన మీద, సగం ఆయన కొన్న పెట్టె మీద. ఇంట్లో కుర్చీలూ బల్లలూ మనమే చేసుకోవచ్చని ఏదో పత్రికలో చదివి, బందరు వెళ్ళి రంపం, చిత్రిక, రెండు ఉలులు, సుత్తి, మూలమట్టం, ఇలా పెట్టెడు సామాను కొనుక్కొచ్చారు. వాటితో మొత్తం మీద చేసింది ఒక్క స్టూలు. దాని మీద ఆయన తప్ప ఇంకెవరూ కూర్చునే సాహసం చేయలేదు. ఆ తర్వాత బ్యాంకులో పని ఎక్కువైందన్నారు. గుడివాడలో మా ఇంటి వెనక వరండా ఊడ్చిన ప్రతిసారీ ఆ పెట్టెని జరపడం మాత్రం నా వంతయింది.

నేను ఆడపిల్లల స్కూల్లో కుట్టు టీచర్ని. మెడలో టేపు వేసుకునే తిరిగేదాన్ని. కొలవడం, కొయ్యడం నాకు తెలిసినంత ఆ ఊళ్ళో మరొకరికి తెలియదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నన్ను బోల్తా కొట్టించింది. ఆ ముచ్చట చెప్తాను.

ఉప్పెన వచ్చిన మరుసటి నెలలో మా నాన్న మా మేనత్తని తీసుకొచ్చి మా ఇంట్లో దింపారు. నాన్నది తోట్లవల్లూరు, ఇల్లు ఏటి ఒడ్డున. ఏరు కనిపించే ఊళ్ళో ఒక్క పూట కూడా ఉండనని అత్తయ్య మొండికేసిందట. ఆవిడ ఊరు దివిసీమలో, నాగాయలంక అవతల. ఆ రోజు ఇంట్లోకి నీళ్ళొస్తుంటే గేదెల పలుపులు విప్పడానికి మావయ్య దొడ్లోకి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. అత్తయ్య వడ్ల గాదె మీదకెక్కి కూర్చుంది. నీళ్ళు కిటికీ అంచు దాకా వచ్చి అక్కడ ఆగాయి. ఈ మాత్రం కూడా ఒక్కసారే చెప్పింది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

మా ఇంటికొచ్చాక ఆవిడ నడుం వాల్చడం మానేసింది. చాప వేస్తే పడుకోదు, మా మంచం ఇస్తే పడుకోదు. పెద్ద బియ్యం డబ్బా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, గోడకి తల ఆనించి కునుకు తీసేది. ఆవిడ రవికెలు కుట్టేది నేనే. నెలకోసారి పక్కలు అరంగుళం లోపలికి కుట్టాల్సి వచ్చేది. మనిషి ఎంత తగ్గిపోతోందో టేపు నాకు లెక్క చెప్తూనే ఉంది. నిద్ర లేకపోతే ఏ మందూ పనిచేయదని, ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరుగారు మొహం మీదే చెప్పారు. నాకు భయమేసింది. నాకు భయమేస్తే కోపంగానే బయటికొస్తుంది. ఒకరోజు ఆవిడ మీద అరిచేశాను. ఏం చేస్తే పడుకుంటావో నువ్వే చెప్పమన్నాను.

అత్తయ్య డబ్బా దిగి, కిటికీ దగ్గరికి వెళ్ళి, దాని అంచు మీద చెయ్యి పెట్టింది.

"ఇంత ఎత్తు మంచం ఉంటే పడుకుంటానే, కోడలా."

మూడడుగులు. టేపు పెట్టి కొలిచి మరీ చెప్తున్నాను.

వడ్రంగి కోసం ఊరంతా తిరిగాను. రంపం పట్టడం తెలిసిన ప్రతివాడూ దివిసీమలో ఇళ్ళు కట్టడానికి వెళ్ళిపోయాడు. వానాకాలం వెళ్ళాక చూద్దాంలే అన్నారు మా ఆయన. అప్పటిదాకా ఆగితే ఆవిడకి రవికె కాదు, చేతిరుమాలు కుట్టాల్సి వస్తుందన్నాను. వేసవి సెలవులు ఇచ్చిన రోజునే కొంగు బిగించి ఆ పెట్టె తెరిచాను.

ఊళ్ళో మిగిలిన వడ్రంగి ఒక్కరే, మా వీధి చివరి సాయిబుగారు. వయసులో ఉన్నప్పుడు బందరులో బీరువాలూ పందిరి మంచాలూ చేసినాయన. కళ్ళకి శుక్లాలు వచ్చి పని మానేశారు. బతిమాలితే వచ్చి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేనేం చేస్తున్నానో చప్పుడును బట్టే కనిపెట్టేవారు. రంపం కీచుమంటే చాలు, "దాని మీద బరువెయ్యకమ్మా, దాని పని దాన్ని చేసుకోనీ" అనేవారు. కర్ర కొనడానికి అడితికి కూడా ఆయన్నే తీసుకెళ్ళాను. గాలివానకి పడిపోయిన వేప దుంగలు అక్కడ చవగ్గా అమ్ముతున్నారు. ఆయన వేలి కణుపుతో కొట్టి, వాసన చూసి, పచ్చిదని తల అడ్డంగా ఊపారు. పచ్చి కర్రతో చేసిన మంచం ఆరేసరికి వంకర తిరుగుతుందట. చివరికి ఎవరో ఇల్లు పడగొడితే వచ్చిన పాత ద్వారబంధం ముక్కలు కొనిపించారు. యాభై ఏళ్ళు ఆరిన కర్ర ఇంకేం తిరుగుతుంది!

గీత మీద కొయ్యకూడదు, గీతకి బయట కొయ్యాలి. మిగిలింది చిత్రికతో తీసుకోవచ్చు. పట్టె చివర నాలుకలా చెక్కేదాన్ని కుసి అంటారు. అది కాలిలో తొలిచిన బెజ్జంలోకి చేత్తో తోస్తే సగం వెళ్ళాలి, మిగతా సగం సుత్తితో వెళ్ళాలి. సులువుగా దూరిపోయిందా, ఆ కుసి పనికిరాదు. నేను మొదట చేసిన నాలుగు అలాగే దూరిపోయాయి. సాయిబుగారు నవ్వి ఊరుకున్నారు. మా ఆయన మాత్రం ఉచిత సలహాలు మొదలుపెట్టారు. ఆయన స్టూలు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

మూడు వారాలకి మంచం నిలబడింది. నవారు అల్లడం మనకి వెన్నతో పెట్టిన విద్య, ఒక్క పూటలో ముగించాను. అప్పటికి సాయిబుగారు కూతుర్ని చూడ్డానికి బందరు వెళ్ళారు. ఆయన వచ్చేదాకా ఆగానా? ఆగితే నేనెందుకవుతాను! వరండాలో మంచం మీద చెయ్యి వేసి ఊపి చూశాను. టక్కుటక్కుమంది. ఒక కాలు నేలకి ఆనడం లేదు.

కుట్టుపనిలో లంగా అంచు ఒకవైపు దిగితే ఏం చేస్తాం? దిగినవైపు కాస్త కత్తిరిస్తాం. నేనూ అదే చేశాను. పొడుగ్గా కనిపించిన కాలు అరంగుళం కోశాను. ఊపితే ఇంకో కాలు లేచింది. దాన్నీ కోశాను. ఈసారి మొదటిదే పొట్టిదైంది. చెమటలు కారుతున్నాయి, పంతం పెరుగుతోంది. పొద్దున మొదలుపెట్టిన మనిషిని మధ్యాహ్నం భోజనం మాట కూడా మర్చిపోయి కాళ్ళ చుట్టూ తిరుగుతూ కోస్తూనే ఉన్నాను. అత్తయ్య బియ్యం డబ్బా మీంచి అంతా చూస్తోంది. మళ్ళీ రంపం ఎత్తేసరికి దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇంక కొయ్యకే. నీళ్ళకి అందుతుంది."

టేపు తీసి కొలిచాను. ముప్ఫై ఆరు అంగుళాల మంచం ముప్ఫై ఒకటికి దిగింది. చెక్కపొట్టులో కూలబడి ఏడ్చేశాను. సిగ్గుపడి ఏడ్చాననుకున్నారు మా ఆయన. కాదు. ఆవిడ ఇక ఎప్పటికీ పడుకోదేమోనని ఏడ్చాను.

రెండు రోజులకి సాయిబుగారు వచ్చారు. అంతా విని, చెప్పులు విప్పి, మంచం నిలబెట్టిన చోట కాలితో తడిమారు. వరండాకి పరిచినవి నాపరాళ్ళు. ఒక మూల రాయి అంగుళం కుంగి ఉంది. నాలుగేళ్ళుగా రోజూ ఊడుస్తున్న నాకు అది తెలియలేదు, కళ్ళు సరిగ్గా కనిపించని ఆయన అరికాలికి తెలిసింది.

"మంచం బాగానే చేశావమ్మా. నేల చూసుకోలేదు" అన్నారు.

మంచాన్ని లోపలి గదిలో గచ్చు మీద పెట్టించి, పళ్ళెంలో నీళ్ళు పోసి తెమ్మన్నారు. నేను తటపటాయించాను. ఆ మంచం మీద, ఆవిడ కళ్ళెదుట నీళ్ళా? అత్తయ్యే లేచి తెచ్చింది. పట్టెల మీద బల్ల వేసి, దాని మీద పళ్ళెం పెట్టి, నీళ్ళు ఎటు ఒరుగుతున్నాయో ఆవిడే చూసి చెప్తుంటే, నేను కాళ్ళ కింద చెక్క చీలికలు దూర్చాను. నీళ్ళు సమంగా నిలిచాక, ఒకే మందమున్న చెక్కని గచ్చు మీద ఒక్కో కాలికీ ఆనించి, చుట్టూ పెన్సిలు గీత గీయించారు. నాలుగూ ఆ గీతకే కోస్తే ఇక ఏ కాలూ లేవదు. ఇంత సులువైన సంగతి ముందే చెప్పచ్చు కదా అని ఆయన మీద కూడా ఎగిరాను, పాపం. పోయిన ఎత్తుకి నాలుగు దిమ్మలు కోసి, కాలు కూర్చునేలా ఒక్కోదాంట్లో గుంట తొలిచాం. మళ్ళీ మూడడుగులు. ఆవిడకి నమ్మకం కుదిరేదాకా టేపు చూపించాను.

అత్తయ్య మా ఆయన స్టూలు మీద కాలేసి మంచమెక్కింది. ఆ స్టూలుకి దక్కిన మర్యాద అదొక్కటే. భోజనం చేసి ఎక్కిన మనిషి మర్నాడు పాలవాడు వచ్చి వెళ్ళినా లేవలేదు. నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఊపిరి తగిలింది.

ఆర్నెల్లు గడిచాక ఒకరోజు, కిందున్నవాళ్ళతో మాట్లాడాలంటే మెడ పట్టేస్తోంది, ఒక రెండంగుళాలు తగ్గించవే అంది. నేను చెక్క ఆనించి, గీత గీసి, దిమ్మలు కోశాను. కొన్నాళ్ళకి, స్టూలు ఎక్కలేకపోతున్నానని ఇంకో రెండు. తర్వాత కారణాలు చెప్పడం కూడా మానేసింది. రంపం తెచ్చి నా ముందు పెట్టేది, అంతే. దిమ్మలు అయిపోయి కాళ్ళ దాకా వచ్చాం. ఇటు మంచం దిగేకొద్దీ, అటు రవికెల పక్క కుట్లు విప్పుతూ వచ్చాను.

ఆఖరిసారి కోసినప్పటికి మంచం అందరి మంచాల ఎత్తుకి వచ్చింది. ఆ మధ్యాహ్నం అత్తయ్య పడుకుని, ఎప్పుడూ గుండెల మీద ముడిచి పెట్టుకునే చెయ్యి మంచం పక్కనుంచి కిందకి దింపింది. అరచెయ్యి గచ్చుకి ఆనించి చాలాసేపు ఉంచింది.

"పొడిగానే ఉందే, కోడలా" అంది.

ఆ చెయ్యి అలాగే ఉంచి నిద్రపోయింది.