అక్క చెప్పిన లావా

మా అక్క మఠకన్య. చదువు కాగానే మఠంలో చేరింది. తర్వాత ఇటలీలోని నేపుల్స్‌కు పంపితే, అక్కడి వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు సేవ చేస్తూ సగం జీవితం గడిపింది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమెను నల్లగొండ మఠానికి మార్చారు. నేనప్పుడు రామన్నపేట దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను.

ఆదివారాలు బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. మొదట్లో మా మధ్య మాటలు సాగేవి కావు. బడి సంగతులో, పిల్లల సంగతులో చెబితే తల ఊపేది. తన గురించి అడిగితే, "ఏముంటది చెల్లె, పని, ప్రార్థన" అని ఊరుకునేది.

ఒకసారి తొమ్మిదో తరగతికి అగ్నిపర్వతాల పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "లావాను తెలుగుల ఏమంటరు టీచర్?" అని అడిగింది. సోమవారం చెబుతానన్నాను. ఆ ఆదివారం అక్కను అడిగితే ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"అది నేపుల్స్ మాటే చెల్లె! మా కిటికీలకెల్లి వెసూవియస్ కొండ కనవడేది. వాన దంచికొడితే గుట్టల మీదికెల్లి వీధులల్లకు నీళ్లు ఉరికొస్తయి జూడు, గా నీళ్లను అక్కడి ముసలోళ్లు లావా అనేటోళ్లు. వానకు పారే మన ఒర్రె లెక్క. కొండకెల్లి నిప్పు పారితే దానికి గుడ గదే పేరు పెట్టిన్రు."

"అంటే మొదలు అది నీళ్ల పేరా అక్కా?"

"నీళ్లదే. ఇటాలియన్ల లవారె అంటే కడుగుడు, దానికెల్లే వచ్చిందని కొందరంటరు. కాదు, జారిపడుడు అనే పాత లాటిన్ మాటకెల్లి వచ్చిందని ఇంకొందరంటరు."

అక్కడి నుంచి ఆ మాట ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, ఇంగ్లీషు భాషల్లోకి పోయిందట. పోయిన చోటల్లా నిప్పు అర్థమే మిగిలిందట, నీళ్ల సంగతి అందరూ మరిచిపోయారట.

మర్నాడు బోర్డు మీద 'నిప్పుల ఒర్రె' అని రాశాను. పిల్లలకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పటి నుంచి మా ఆదివారాలు మారిపోయాయి. అక్క తన పాత ఇటాలియన్ నిఘంటువు ముందేసుకొని నా కోసం కాచుకొని ఉండేది. క్రేటర్ అంటే గ్రీకులు ద్రాక్షసారాలో నీళ్లు కలిపే పెద్ద పాత్ర అని, కాల్డెరా అంటే స్పెయిన్‌లో నీళ్లు కాచే కాగు అని, మాగ్మా అంటే పిసికిన ముద్ద అని ఉత్సాహంగా చెప్పేది. నేను వాటిని క్లాసులో చెప్పుకొని మురిసిపోయేదాన్ని.

కరోనా తగ్గిన తర్వాత ఒక ఎండాకాలం అక్కకు పక్షవాతం వచ్చింది. దవాఖానకు వెళ్లేసరికి ఆమెకు తెలుగు పోయింది. నోట వచ్చే నాలుగు మాటలూ ఇటాలియన్‌లోనే వస్తున్నాయి. నన్ను చూసి, "సేతె... సేతె" అంది. మా ఇంట్లో అందరూ చేతులను సేతులు అనేవాళ్లు. చేతులు గుంజుతున్నాయేమో అనుకొని పట్టుకొని నిమిరాను. ఆమె విసురుగా లాక్కుంది. మళ్లీ పట్టుకున్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం మఠం నుంచి ఇంకో సిస్టర్ వచ్చింది. ఆమె కూడా ఇటలీలో పనిచేసిందే. ఒక్క క్షణం విని, "సేతులు గాదమ్మా, దూపైతాంది అంటాంది" అంది. నర్సును అడిగి చెంచాతో నీళ్లు పట్టాం. చుక్క చుక్కా మింగుతూ అక్క కళ్లు మూసుకుంది.

అన్ని ఆదివారాలు కూర్చొని నేను నేర్చుకున్నవి కొండల మాటలు, నిప్పుల మాటలు. దాహాన్ని ఏమంటారో ఒక్కనాడూ అడగలేదు.

ఆ సిస్టర్ దగ్గరే ఆకలి, నొప్పి, చలి అనే మాటలు నేర్చుకున్నాను. తప్పుగా పలికితే అక్క ఒకవైపు పెదవితో నవ్వేది. వానలు మొదలు కాకముందే పోయింది.

అమ్మ చనిపోయినప్పుడు అక్క నేపుల్స్ నుంచి రాలేకపోయింది. ఫోన్‌లో ఆ కబురు చెప్పింది నేనే. ఫోన్ పెట్టేశాక ఆమె ఏం చేసిందో, ఎవరి దగ్గర కూర్చొని ఏడ్చిందో తెలుసుకోవాలని ఇప్పుడనిపిస్తుంది. చెప్పగలిగిన మనిషి లేదు.